జుంకాల పెట్టెలో తంబాకు

పెట్టె మూత తీసిన మొదటి రోజే హరనాథబాబుకు సంగతి తెలిసిపోయింది. తెలిసి కూడా మూడేళ్ళు నోరు మెదపలేదు. మమతకు జరిగిన అన్యాయం అదే. ఆయన ఆమెను తిట్టలేదు, కొట్టలేదు, ఆమె సంచీలో చెయ్యి పెట్టలేదు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు, అంతే. చెప్పకపోవడం ఎంత లాభసాటి వ్యాపారమో ఆయనకు తెలుసు.

నిజామాబాదులో ఒక ఫంక్షన్ హాలు. గేటు మీద "మహిళా హస్తకళల మహా ప్రదర్శన" అని బ్యానరు. బ్యానరు నిండా నమస్కారం పెడుతున్న నిర్వాహకుడు హరనాథబాబు ముఖం, ఆ ముఖం కింద ఎక్కడో గోరంత సైజులో గాజులు, చీరలు, మట్టికుండలు. మమత బాన్సువాడలో మొదటి బస్సెక్కి వచ్చి, తనకిచ్చిన బల్ల మీద గుడ్డ పరిచి, రేకు పెట్టె దించుకుంది. హరనాథబాబు స్టాలు స్టాలుకూ ఆగి పలకరించుకుంటూ వచ్చి, ఆమె పెట్టె మూత తానే ఎత్తాడు. పట్టుదారం చుట్టిన జుంకాలు, గాజులు, గుండ్ల దండలు. వాటి మధ్య ఒక కాగితం పొట్లం. ఆయన పొట్లం విప్పి చూశాడు. కొంచెం వంగి వాసన పీల్చాడు. మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టి, మూత వేశాడు.

"చాలా బావున్నాయి మమతమ్మా. చెయ్యి తిరిగిన పని. ఏమీ మార్చకు. ఇలాగే చేసుకుంటూ పో" అన్నాడు.

ఆ పొట్లంలో ఉన్నది తంబాకు.

మమత ఉండే గల్లీలో ఇంటింటా ఆడవాళ్ళ ఒళ్ళో చాట ఉంటుంది. చాటలో తంబాకు పొడి, పక్కన తడి గోనెలో చుట్టిన తునికాకు. ఆకు కత్తిరించడం, పొడి పోయడం, బీడీ చుట్టడం, గోటితో మూతి మడవడం, దారం కట్టడం. ఆ గల్లీలో పిల్లలు పుట్టేది ఆ ఘాటులోనే, నిద్రపోయేది ఆ ఘాటులోనే. కొత్తవాడు గడపలో అడుగుపెడితే తుమ్ముతాడు. ఇంట్లోవాళ్ళు "జలుబైందా బిడ్డా" అని అడుగుతారు. వాళ్ళకు ఆ ఘాటు ఒకటుందనే తెలియదు.

ఆ గల్లీలో ఇంకో అలవాటు కూడా ఉంది. ట్రంకుపెట్టెలో పట్టుచీర పెట్టేటప్పుడు, మడతల మధ్య చిటికెడు తంబాకు పొట్లం కట్టి పెడతారు. పురుగు దగ్గరికి రాదు. మమత అత్త లచ్చవ్వ పెళ్ళి చీర ఇంతవరకు ఒక్క చిల్లు పడకుండా ఉన్నదంటే ఆ పొట్లం మహిమే. అందుకే మమత మహిళా సంఘం వాళ్ళ శిక్షణలో పట్టుదారం నగలు నేర్చుకుని మొదటి పెట్టె నింపినప్పుడు, పొట్లం కట్టి ఇచ్చింది లచ్చవ్వే.

"పట్టుదారమంటే పురుగులకు పెండ్లి బువ్వనే. గీ పొట్లం లేకుండ పెట్టె కదిలియ్యకు" అన్నది.

కోడలు పోతున్నది బీడీలకు ఎగనామం పెట్టడానికే అని తెలిసి కూడా ఇచ్చింది. అది లచ్చవ్వ మంచితనం.

మమతకు కావలసింది ఒక్కటే, ఒళ్ళోంచి చాట దించడం. ఆమెకు నలభై నిండలేదు. తెల్లవారి లేస్తే ముందు దగ్గు లేస్తుంది, తర్వాత ఆమె. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇంక ఆకు ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. ఆ మాట అనడం తేలిక. చాట దించితే పొయ్యి ఎలా వెలుగుతుందో ఆయన ఫిల్ములో కనబడదు. భర్త గంగాధర్ కోటగిరి రూటులో షేర్ ఆటో నడుపుతాడు. ఆటో సంపాదన ఆటోకే సరిపోతుంది. కాబట్టి నగలు అమ్ముడుపోతేనే చాట దిగుతుంది. అమ్ముడుపోకపోతే లచ్చవ్వలాగా ఛాతీ పట్టుకుని మూలుగుతూ చివరిదాకా చుట్టాల్సిందే.

అమ్ముడుపోలేదు.

ఎందుకు అమ్ముడుపోలేదో అర్థం కాక మమత పడిన యాతన ఆ మూడేళ్ళూ చూసినవాళ్ళకు తెలుస్తుంది. జనం వచ్చేవాళ్ళు. దూరం నుంచే రంగులు చూసి "అబ్బ, ఎంత బావున్నాయో" అని వచ్చేవాళ్ళు. జుంకా తీసి చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు. పెట్టుకోగానే ముఖం మారేది. ముక్కు చిట్లించి, పక్కవాళ్ళను చూసి, జుంకా బల్ల మీద పెట్టేసి "మళ్ళీ వస్తాం" అని పోయేవాళ్ళు. మళ్ళీ రారు. ఎగ్జిబిషన్లో "మళ్ళీ వస్తాం" అంటే అర్థం అదే.

మమత రంగులు మార్చింది. బంగారు అంచు తగ్గించింది, తర్వాత పెంచింది. ధర దించింది. తన మాట పల్లెటూరి మాటలా ఉందేమోనని టీవీలోవాళ్ళలాగా "రండి మేడం, చూడండి మేడం" అనడం నేర్చుకుంది. తన ముఖం బాగాలేదేమోనని పౌడరు రాసుకుంది. తన పనిలో తప్ప అన్నిటిలో తప్పు వెతుక్కుని, ఏదీ దొరకక, చివరికి పనిలోనే తప్పుందని నమ్మింది. మనిషిని లోపల్నించి తినడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒకామె తిన్నగానే అన్నది, "అబ్బా, ఇక్కడేదో వాసన."

మమత సిగ్గుతో చచ్చిపోయింది. ఎందుకంటే ఆమె బల్ల వెనకే మరుగుదొడ్లు. తలుపు తెరిచినప్పుడల్లా ఫినాయిలూ, దాని కింద దాగని అసలు కంపూ కలిసి వచ్చేవి. ఆమె హరనాథబాబు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని చెప్పింది.

"సార్, గా బాత్‌రూముల కాడ నిలవడుతలేరు సార్ ఎవ్వరు. వాసనొస్తుందంటుండ్రు. జర జాగ మార్చుండ్రి."

"అయ్యో, అలాగా! ఈసారికి అడ్జస్ట్ అవ్వమ్మా. వచ్చేసారి ఎంట్రెన్సు దగ్గరే ఇస్తాను."

వచ్చేసారి కరీంనగర్లో, ఆ తర్వాత నాందేడ్‌లో, మళ్ళీ నిజామాబాదులో, ఆమెకు దొరికింది మరుగుదొడ్ల పక్క బల్లే. ఏ ఊరు పోయినా ఆ బల్ల ఆమె కోసం కాచుకుని ఉండేది. వాసన వచ్చిందంటే నింద వేయడానికి ఒక గోడ కావాలి కదా. ఆ గోడను ఆయన ఆమె వెనక నిలబెట్టాడు.

ఇక ఆ ప్రదర్శనల సంబడం చూసి తీరాలి. పొద్దున్నే రిబ్బను కత్తిరించడానికి ఒక నాయకుడు వస్తాడు. ఆయన వెంట పదిమంది. ఆ పదిమంది భార్యలకు స్టాలుకొక నగ "గుర్తుగా" పోతుంది. అడగరు, చెయ్యి చాపుతారు. తర్వాత మైకు. పొద్దంతా ఒకడు "మన ఆడపడుచుల చేతి కళ" అని అరుస్తూ ఉంటాడు. ఆ ఆడపడుచులకు మంచినీళ్ళ డబ్బా ఎక్కడుందో వాడు ఒక్కసారి కూడా చెప్పడు. పక్కన మిరపకాయ బజ్జీల బండి. ఆ నూనె చేతులతోనే వచ్చి పట్టుదారం నలుపుతారు. కొనరు, మచ్చ పెట్టి పోతారు. చెమట మెడల మీద దండలు వేసుకుని ఫోటోలు దిగి, అక్కడే విప్పి పడేస్తారు. ఇంకొందరు నగ ముట్టుకోరు, ఫోనుతో దగ్గరగా ఫోటో తీసుకుని "మా టైలర్‌తో చేయించుకుంటాం" అని మొహం మీదే చెబుతారు. ఇంకొకామె ఫోను తెరిచి చూపించి, "ఇదిగో, ఆన్‌లైన్‌లో ఈ ధరకు రెండు జతలిస్తున్నారు, ఇంటికే తెచ్చిస్తారు" అంటుంది, ఏదో మమత తనను దోచుకోబోతే పట్టుకున్నట్టు.

చివరి రోజు సాయంత్రం ఒక శాలువా కప్పేవాళ్ళు. అందరికీ అదే శాలువా. కప్పి, ఫోటో తీసుకుని, తర్వాతివాళ్ళకు కప్పడానికి తీసేసుకునేవాళ్ళు.

శాలువా అయిపోయాక హరనాథబాబు బల్ల దగ్గరికి వచ్చేవాడు. నిండుగా ఉన్న పెట్టె చూసి నాలుక చప్పరించేవాడు.

"మళ్ళీ మోసుకుపోతావా మమతమ్మా? బస్సులో నలిగిపోతాయి. పోనీ, నాకు వదిలెయ్యి. గంపగుత్తగా ఏదో ఒకటి ఇస్తాను. నాకేం లాభం లేదనుకో, నీ కష్టం చూడలేక."

ఆయన ఇచ్చేది దారం ఖర్చుకు సరిపోయేది, ఒక్కోసారి అదీ కాదు. అయినా మమత దండం పెట్టి తీసుకునేది. ఇంటికి వచ్చి లచ్చవ్వతో "సార్ దేవుడసొంటోడు అత్తమ్మ" అని చెప్పేది.

"దేవుడైతే అమ్మిపిస్తుండె గదనే" అనేది లచ్చవ్వ, బీడీ మూతి మడుస్తూ. "అమ్ముడువోని సరుకు దేవుడేం జేస్కుంటడే? అందరి దేవుండ్లకు జుంకాలు పెడ్తడా?"

ముసలామె ఎగతాళికి అన్న మాటలో ఎంత నిజముందో ఆ ఇంట్లో ఎవ్వరికీ తట్టలేదు.

మూడో ఏడాది హైదరాబాదులో పెద్ద మేళా. మళ్ళీ మరుగుదొడ్ల పక్కే. ఈసారి పక్క బల్ల దేవీబాయిది. డోంగ్లి దగ్గర తండా మనిషి, అద్దాల పని సంచులు, గవ్వల పట్టీలు తెచ్చింది. తెలుగు, మరాఠీ, తండా భాష మూడూ ఒకే గొంతుతో, ఒకే అరుపులో మాట్లాడుతుంది. నోట్లో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు.

మధ్యాహ్నం దేవీబాయి సూది అడిగింది. "పెట్టెల ఉన్నది, తీస్కో దేవక్క" అన్నది మమత. దేవీబాయి పెట్టె మూత ఎత్తి, ఎత్తినట్టే వెనక్కి జరిగి, గట్టిగా తుమ్మింది. మళ్ళీ వంగి పొట్లం తీసింది.

"ఇదేంది చెల్లె? తంబాకా? నువ్వు నములుతవా?"

"ఛీ, నాకెందుకక్క. పట్టుకు పురుగు పట్టకుండ."

దేవీబాయి ఆమెను, పెట్టెను, మళ్ళీ ఆమెను చూసింది. ఒక దండ తీసి తన మెడకు పట్టుకుని, మెల్లగా పీల్చింది. తర్వాత పడీ పడీ నవ్వింది.

"పురుగేంది చెల్లె, మనిషి గూడ పట్టడు! నీ దండ మెడలేస్కుంటే బీడీల కార్ఖాన మెడలేస్కున్నట్టుంది. గీ దారం మొత్తం తాగింది గా ఘాటు. నీకెవ్వరు చెప్పలేదా?"

మమతకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒక జుంకా తీసుకుని ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదు. తన పనికి తగిలిన జబ్బు తన ముక్కుకే అందదు! ముక్కు చిట్లించిన ముఖాలన్నీ, "మళ్ళీ వస్తాం" అన్న నోళ్ళన్నీ ఒక్కసారిగా ఆమె ముందు వరస కట్టాయి.

"చెప్పలేదక్క. బాత్‌రూముల వాసనే అనుకున్న. సార్ గూడ గదే..."

ఆ మాట పూర్తి కాలేదు. మొదటి రోజు పెట్టె తెరిచి, పొట్లం విప్పి, వంగి పీల్చి, మళ్ళీ మడిచిపెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. అమ్ముడుపోని సరుకు ఏం చేసుకుంటాడన్న అత్త మాటా గుర్తొచ్చింది.

లేచి నడిచింది. ఎంట్రెన్సు దగ్గర, రెండు బల్లలు కలిపి, తెల్లని లైట్ల కింద హరనాథబాబు భార్య స్టాలు. మూడేళ్ళుగా మమత అటువైపు పోలేదు. బల్ల వదిలితే దొంగలు పడతారు. పైగా పెద్దవాళ్ళ స్టాలు, మనకేం పని అనుకునేది. ఇప్పుడు చూసింది. అద్దాల అరల్లో పట్టుదారం జుంకాలు, గాజులు, గుండ్ల దండలు. ఒక జుంకా తీసి తిరగేసింది. దారం కొస లోపలికి మడిచి గోటితో నొక్కి ఉంది, బీడీ మూతి మడిచినట్టు. శిక్షణలో జిగురు పెట్టమని నేర్పారు. గోటితో నొక్కేది మమత ఒక్కతే, చేతి అలవాటు. అది తన జుంకాయే. దగ్గర పెట్టుకుంటే చందనం వాసన వస్తోంది.

"రెండు నెలలు మేడ మీద గాలికి ఆరేసి, చందనం పొడిలో పెడతామండీ. మా స్పెషల్" అని హరనాథబాబు భార్య ఎవరికో చెబుతోంది. కొనేవాళ్ళు వరసలో ఉన్నారు.

హరనాథబాబు అక్కడే ఉన్నాడు. మమత చేతిలో జుంకా చూసి కూడా ముఖం మార్చుకోలేదు. అలాంటి ముఖాలకు మారడం ఉండదు.

"ఎర్కుండి చెప్పలేదు గద సార్" అన్నది మమత.

"ఏంటమ్మా చెప్పేది? నీ ఇంటి వాసన నీకు చెబితే నొచ్చుకోవూ? నేను తీసుకోబట్టి సరిపోయింది, లేకపోతే నీ సరుకు చెత్తబుట్టలో పడేది. మేలు చేసినవాణ్ణే నిలదీస్తావా?"

తోటి స్టాళ్ళవాళ్ళు తలలు వంచుకుని తమ సరుకు సర్దుకున్నారు. వచ్చే ప్రదర్శనలో ఎవరి బల్ల ఎక్కడో నిర్ణయించేది ఆయనే. దేవీబాయి ఒక్కతే దూరం నుంచి మరాఠీలో ఏదో అన్నది. అర్థం కాకపోయినా అది దీవెన కాదని అందరికీ తెలిసింది.

మమత ఆ రోజు పెట్టె వదలలేదు. మోసుకుని ఇంటికి వచ్చింది. పొట్లం తీసి వాకిట్లో పారేసింది. లచ్చవ్వ చూసి మండిపడింది.

"నా పొట్లమే పాపం జేసిందా?"

"పొట్లమే కాదత్తమ్మ. ఇల్లంత గదే వాసన. నా చేతులు గదే వాసన. నేను చాట పట్టినన్ని దినాలు నా జుంకా ఎవ్వరు కొనరు."

"చాట ఇడిస్తే తినేదేంది? బీడీ కార్డు పోతది. రేపు పింఛనొచ్చేది గూడ పోతది. జుంకాలు జేసేటోళ్ళకు ఎవడిస్తడే పింఛను?"

ఇదీ ముడి. నగలు అమ్మితేనే చాట దించగలదు. చాట దించితేనే నగలు అమ్ముడుపోతాయి. గంగాధర్ అన్నం తింటూ ఇద్దరి మాటలూ విని, "ఏదో ఒకటి దించుండ్రి, నా తల గిర్రున తిరుగుతుంది" అని ఆటో స్టార్ట్ చేసుకుని పోయాడు. మగవాడి తీర్పు.

మర్నాడు మమత తన చాటను తీసుకెళ్ళి టేకేదారు ముందు పెట్టింది. ఆకు, తంబాకు తూచి ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునేది ఆయనే. ఆయన నమ్మలేదు. "మళ్ళ వస్తవ్, పెట్టిపో" అన్నాడు. ఆమె తన ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, నాలుగు రేకులు వేయించుకుంది. పాత దారమంతా పారేసింది. కింద అన్నం తిని, పైకి పోయేముందు స్నానం చేసి, విడిగా ఉంచిన చీర కట్టుకుని కూర్చునేది. గోళ్ళ మధ్య పసుపు మరక పోవడానికి నెలలు పట్టింది. ఆ నెలలు ఇంట్లో ఎలా గడిచాయో చెప్పుకోదగ్గది కాదు. లచ్చవ్వ తన చాట మీద ఇద్దరి పని చుట్టింది. చుట్టుకుంటూ కోడలిని తిట్టింది. తిట్టుకుంటూ వండిపెట్టింది.

వాసన పోయిందో లేదో మమతకు తన ముక్కు మీద నమ్మకం లేదు. సరుకు దేవీబాయికి పంపించేది. దేవీబాయి ఫోనులో అరిచేది, "ఇంకా ఉన్నది!" మరోసారి, "జరంత ఉన్నది!" చివరికి ఒకరోజు, "ఏం లేదు చెల్లె! నీ చెమట వాసనే ఉన్నది, గదెవ్వరికైన ఉంటది!"

అప్పటికి హరనాథబాబు తన పని తాను చేశాడు. నిజామాబాదులో స్టాలు అడిగితే "నిండిపోయాయి". కరీంనగర్లో నిండిపోయాయి. ఆయనవి కాని ప్రదర్శనల్లో కూడా ఆమె పేరు వినగానే నిండిపోయాయి. "ఆవిడ గొడవ మనిషండీ" అన్న ఒక్క మాట చాలు. ఆడవాళ్ళ చేతి కళను ఉద్ధరించే మగవాళ్ళంతా ఒకరికొకరు ఫోను చేసుకుంటారు.

దేవీబాయి ఆమెను డోంగ్లి దాటించి మహారాష్ట్రలో దెగ్లూరు వైపు జాతరలకు తీసుకుపోయింది. అక్కడ బ్యానరు లేదు, మైకు లేదు, శాలువా లేదు. నేల మీద గోనె పట్టా, నెత్తిన ఎండ. మరాఠీ ఆడవాళ్ళు వచ్చి జుంకా తీసి చెవికి పెట్టుకున్నారు. మమత జుంకాను చూడలేదు, వాళ్ళ ముక్కులనే చూస్తూ కూర్చుంది. ఒక్కరూ ముక్కు చిట్లించలేదు. బేరమాడారు, అరిచారు, లేచిపోయినట్టు నటించారు. కానీ నిజంగా మళ్ళీ వచ్చారు. సాయంత్రానికి సరుకు అయిపోయి కింది పట్టా కనబడింది. మమత దేవీబాయి భుజం మీద తల పెట్టి ఏడిస్తే, "ముక్కు చీది నా చీరకు తుడువకు, గది అమ్మేదే" అన్నది దేవీబాయి.

అదంతా సుఖం అనుకోనక్కర్లేదు. జాతరలో వాన పడితే ఆ రోజు మట్టికొట్టుకుపోయినట్టే. దగ్గు తగ్గింది కానీ పోలేదు. లచ్చవ్వ మాత్రం చాట దించలేదు. దించమంటే "నా ముక్కు ఎప్పుడో సచ్చింది, నాకేం ఫికర్" అంటుంది.

ఇదిగో, ఈ ఎండాకాలం మొదట్లో హరనాథబాబు కారు ఆ గల్లీలోకి వచ్చింది. ఆయన భార్య స్టాల్లో అరలు ఖాళీ అయ్యాయి. వేరేవాళ్ళతో చేయించిన జుంకాలు రెండు రోజులకే దారం ఊడిపోతున్నాయని కొన్నవాళ్ళు తిరగగొడుతున్నారు. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, లచ్చవ్వ చాట చూసి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, గంగాధర్ వేసిన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"జరిగిందేదో జరిగిపోయింది మమతమ్మా. ఎంట్రెన్సు దగ్గర స్టాలు నీకే. మొత్తం సరుకు నాకే ఇవ్వు. కింద మీద ఎందుకు, ఇంట్లోనే కూర్చుని చేసుకో. వాసన సంగతి మేం చూసుకుంటాంలే" అన్నాడు రుమాలు లోంచి.

లచ్చవ్వ చుట్టడం ఆపింది. గంగాధర్ మెట్ల మీద నిలబడ్డ భార్య ముఖం చూశాడు. ఎంట్రెన్సు దగ్గర స్టాలంటే ఎండా వానా లేని చోటు, తెల్లని లైట్లు. ఒప్పుకుంటే జాతర పట్టా మీద కూర్చోనక్కర్లేదు. ఒప్పుకుంటే, ఇంట్లోనే కూర్చుని చేస్తే, ఆ చాట మళ్ళీ ఎప్పుడో ఒకరోజు ఒళ్ళోకి వచ్చి కూర్చుంటుంది.

మమత మెట్లు దిగి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన ముందు నిలబడింది.

"గా రుమాలు తియ్యి సార్" అన్నది. "మూడేండ్లు నా సరుకు నీ మేడ మీద ఆరేస్కున్నవ్. అప్పుడు రాని వాసన ఇప్పుడొస్తుందా?"